ఫిరౌను కొలువులో ఒక ఉద్యోగి

1944 ఆగస్టు 15న బెర్లిన్‌లోని 'ప్రజా న్యాయస్థానం'లో తీసిన ఒక ఛాయాచిత్రం నాజీ యుగపు చరిత్ర గ్రంథాలలో తరచు కనిపిస్తుంది. ముప్పై అయిదేళ్ళ పొడగరి ఒకడు పోలీసు కావలిలో నిలబడి ఉన్నాడు. అతడు ఆడం ఫాన్ ట్రాట్, జర్మనీ విదేశాంగ శాఖ అధికారి. జూలై 20న హిట్లర్‌ను బాంబుతో చంపడానికి జరిగిన విఫలయత్నంలో భాగస్వామి అని అభియోగం. ఆ విచారణలను చిత్రీకరించమన్నది ప్రచారమంత్రి గోబెల్స్ ఆజ్ఞ. ముద్దాయిలను దేశద్రోహులుగా జనానికి చూపించాలన్నది ఉద్దేశం. న్యాయమూర్తి ఫ్రైస్లర్ అరుపులు ఎంత హేయంగా ఉన్నాయంటే ఆ చిత్రాన్ని చివరకు జనానికి చూపకుండా దాచవలసి వచ్చింది. ఆ రోజే మరణశిక్ష పడింది. ఆగస్టు 26న ఉరితీశారు.

ఈ అధికారికీ మన హైదరాబాదుకూ ఒక సంబంధం ఉంది. 1941 ఏప్రిల్‌లో బెర్లిన్ చేరిన సుభాష్ చంద్ర బోసు వ్యవహారాలు చూసిన ప్రత్యేక భారత విభాగాన్ని నడిపినవాడు ట్రాటే. అక్కడ బోసుకు కార్యదర్శిగా, దుభాషిగా పనిచేసినవాడు హైదరాబాదువాసి ఆబిద్ హసన్ సఫ్రానీ. ఇంజనీరింగు చదువుకై జర్మనీ వెళ్ళినవాడు. 'జైహింద్' నినాదాన్ని రూపొందించినది ఆయనేనని ప్రసిద్ధి. నిజాం రాజ్యం నడుమ ద్వీపంలా ఉండి కృష్ణా జిల్లాకు చెందిన మునగాల పరగణా ప్రజలవలె ఆయన నేరుగా బ్రిటిషు పాలనలో పుట్టినవాడు కాదు. అయినా ఆ పోరాటాన్ని తనదిగా చేసుకున్నాడు.

ఫిరౌను పరివారంలో విశ్వాసాన్ని దాచుకుని, సమయం వచ్చినప్పుడు మూసా ప్రవక్త (అలైహిస్సలాం) పక్షాన నోరు విప్పిన వ్యక్తి ప్రస్తావన దివ్య ఖుర్ఆన్‌లో ఉంది. ఆ అధ్యాయానికి 'అల్ మూమిన్' అనే పేరు ఆయనవల్లనే వచ్చింది. ట్రాట్‌ను చూస్తే ఆయన గుర్తుకు రావడం సహజం. కాని పోలిక అంతటా కుదరదు. ట్రాట్ 1940లో నాజీ పార్టీలో చేరాడు, ఆ ప్రభుత్వపు జీతం తిన్నాడు. అదే ఉద్యోగాన్ని అడ్డుపెట్టుకుని స్వీడన్, స్విట్జర్లాండ్ దేశాలకు వెళ్ళి హిట్లర్ వ్యతిరేకుల తరఫున మంతనాలు జరిపినవాడూ అతడే. బ్రిటిషువారు అతణ్ణి నమ్మలేదు.

పాలస్తీనా ముఫ్తీ అమీన్ అల్ హుసైనీ 1941 నవంబరు 28న హిట్లర్‌ను కలిసినప్పటి ఛాయాచిత్రాన్ని ముస్లిములందరిపై నేరారోపణగా చూపేవారున్నారు. ఒక మనిషి చర్యను ఉమ్మత్ అంతటికీ అంటగట్టడం అన్యాయం. అయితే ముఫ్తీని వెనకేసుకురావడం మన పని కాదు. స్వజనులకు వ్యతిరేకమైనా సరే న్యాయసాక్ష్యం ఇవ్వవలసిందే.

ఆ న్యాయమే బెర్లిన్‌లోని భారతీయులకూ వర్తిస్తుంది. ఆ నగరపు యూదులను రైళ్ళలో తూర్పుకు తరలించడం 1941 అక్టోబరు 18న మొదలైంది. స్వతంత్ర భారత కేంద్రం అక్కడే నవంబరు 2న ప్రారంభమైంది. మధ్య పదిహేను రోజుల వ్యవధి. జర్మనీలో ఏర్పడిన భారతీయ దళం ప్రమాణంలో బోసు పేరుతోపాటు హిట్లర్ పేరు కూడా ఉంది. బానిసత్వం తొలగించుకోవడానికి మరొక జాలిముని గుమ్మం ఎక్కినవారి ఆవేదనను అర్థం చేసుకోవచ్చు. పొరుగింటివారి విషయంలో వారి మౌనాన్ని మాత్రం ఒప్పుకోలేము.

1943 ఫిబ్రవరిలో బోసుతోపాటు ఆబిద్ హసన్ కీల్ రేవునుండి జలాంతర్గామిలో బయలుదేరాడు. ట్రాట్ బెర్లిన్‌లోనే ఉండిపోయాడు. అతడు ఉరికంబమెక్కిన సంవత్సరమే ఆబిద్ హసన్ ఇంఫాల్ యుద్ధంలో ఉన్నాడు. స్వాతంత్ర్యం వచ్చాక ఆయన భారత విదేశాంగ సర్వీసులో చేరి డెన్మార్కులో రాయబారిగా పనిచేసి, 1984లో కన్నుమూశాడు.