ల్యాప్‌టాప్ నెమ్మదించిందా? ఫైళ్లు చెరిపే ముందు ఒక్క నిమిషం

ల్యాప్‌టాప్ మందగించగానే చాలామంది మొదట చేసే పని ఫొటోలు, వీడియోలు చెరిపివేయడం. తరచుగా అది వృథా ప్రయాసే. ఫైళ్లను భద్రపరిచే చోటు స్టోరేజీ. తెరిచి ఉన్న ప్రోగ్రాములు వాడుకునే చోటు ర్యామ్. వాడుకలో రెండింటినీ మెమరీ అనే పిలవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ర్యామ్ నిండితే విండోస్ కొంత సమాచారాన్ని డిస్క్‌పైకి మళ్లిస్తుంది. డిస్క్ వేగం ర్యామ్ కంటే చాలా తక్కువ. పాత హార్డ్‌డిస్క్ అయితే చెప్పనక్కర లేదు.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో మెమరీ వినియోగం అదేపనిగా 90 శాతం దాటుతుంటే ఫొటోలు చెరిపి ప్రయోజనం లేదు. అక్కరలేని బ్రౌజర్ ట్యాబ్‌లు మూయాలి, స్టార్టప్ జాబితాలోని అనవసర ప్రోగ్రాములను నిలిపివేయాలి. 4 జీబీ ర్యామ్ ఉన్న యంత్రానికి ఇది తాత్కాలిక ఉపశమనమే. మోడల్ అనుమతిస్తే 8 జీబీకి పెంచుకోవడం మేలు.

సీ డ్రైవ్ నిండిపోతే సెట్టింగ్స్‌లో సిస్టమ్, స్టోరేజీ, ఆపై టెంపరరీ ఫైల్స్ విభాగానికి వెళ్లాలి. జాగ్రత్త అవసరమైనది ఇక్కడే. ఆ జాబితాలో డౌన్‌లోడ్స్ కూడా ఉంటుంది. పిల్లల హాల్‌టికెట్లు, భూమి పత్రాల ప్రతులు, బంధువులు పంపిన పెళ్లి ఫొటోలు చాలా ఇళ్లలో ఉండేది అందులోనే. చూడకుండా టిక్ పెట్టరాదు.

వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లో ఫైలు చెరిపితే క్లౌడ్‌లోనూ తొలగిపోతుంది. స్థలం మాత్రమే కావాలంటే దానిపై కుడి క్లిక్ చేసి ‘ఫ్రీ అప్ స్పేస్’ ఎంచుకోవాలి. పొరపాటున చెరిపినవారు వ్యక్తిగత ఖాతాలో 30 రోజుల్లోగా వన్‌డ్రైవ్ రీసైకిల్ బిన్ నుంచి తిరిగి పొందవచ్చు.