పిడి మీద పేరెవరిది?

ఈసారి రివాల్వర్ పిడి గురించి. తుపాకి మీద మోజుతో కాదు, ఆ చెక్కను చెక్కిన చేతుల కోసం.

అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్, మసాచుసెట్స్ రాష్ట్రంలో తుపాకుల ఊరు. 1794లో అక్కడ ప్రభుత్వ ఆయుధ కర్మాగారం మొదలైంది. 1819లో థామస్ బ్లాంచర్డ్ ఒక యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. నమూనాను తడుముతూ అదే ఆకారంలో తుపాకి మడమలు చెక్కే యంత్రమది. దాన్ని ఆ కర్మాగారంలోనూ పెట్టారు. చేతిపనిలో పెద్ద భాగం యంత్రం పాలైంది.

నూరేళ్లు దాటాక అదే ఊళ్లో చేతిపని మళ్లీ కావలసి వచ్చింది. స్మిత్ అండ్ వెసన్ కంపెనీ రివాల్వర్లకు పిడి సన్నగా ఉండేది. ట్రిగ్గర్ గార్డు వెనక ఖాళీ మిగిలేది. పేల్చినప్పుడు పిడి చేతిలో కదిలేది. గురి పోటీలవాళ్లకు అది పెద్ద ఇబ్బంది. ఆ కంపెనీలో పనిచేసిన వాల్టర్ రోపర్ 1930ల్లో ఆ ఖాళీని నింపి, అరచేతికి అమిరే పిడులు రూపొందించి అమ్మాడు. వాటికి 'రోపర్ గ్రిప్స్' అనే పేరు స్థిరపడింది.

వాటిని చెక్కింది మాత్రం మాట్ గాగ్నన్. వాల్‌నట్ చెక్క మీద జారకుండా సన్నటి గళ్లు గీసిన చెయ్యి అతనిది. ఆలోచన రోపర్‌ది, అదీ శ్రమే. కానీ రోపర్ పుస్తకాలు కూడా రాశాడు, 1949లో ఒకటి వచ్చింది. కాగితం మీద అతని పేరు నిలిచింది. గాగ్నన్ పని చెక్కలో నిలిచింది.

అందుకే నేడు పాత పిడి పుట్టుక వెతికేవాళ్లు దాన్ని విప్పి లోపలి వైపు చూస్తారు. కంపెనీ పిడైతే లోపల రివాల్వర్ నెంబరు ఉండటం మామూలు. చేతిపని అయితే మర ఎక్కడ కూర్చుంది, గళ్లు అంచులో ఎలా ముగిశాయి, ఉలి ఎటు నడిచింది అని చూస్తారు. సంతకం లేకపోయినా పనితనం ఆనవాలు ఇస్తుంది. గాగ్నన్ పేరు ఇప్పుడు సేకర్తలకు తెలుసు.

పోలిక తేవడంలో జాగ్రత్త. గాగ్నన్ పేరు వెనకబడటానికి కారణం కులం కాదు. మన దగ్గర చేసినవాడి పేరు చెరిగిపోవడం వెనక కులం ఉంది. ఆ తేడా మరవొద్దు. పద్ధతి మాత్రం నేర్చుకుందాం.

విద్యార్థులారా, ఈసారి మ్యూజియానికి వెళితే లేబుల్ మీద ఎవరి పేరుందో చూడండి. తర్వాత ఆ వస్తువు మీద చేతి గుర్తులు వెతకండి. చేసినవాళ్లు ఎవరని అక్కడి అధికారిని అడగండి. జవాబు రాకపోతే ఆ ప్రశ్నను రాసిపెట్టుకోండి. మన చరిత్ర రచన అక్కడ మొదలవుతుంది.