ఇరువది ఆరు పరాజయాలు

1976వ సంవత్సరము సెప్టెంబరు 12వ తేదీ మొదలు డిసెంబరు 12వ తేదీ వరకు అమెరికాలో ఒక ఫుట్‌బాల్ జట్టు 14 పోటీలాడి, పదునాలుగింటను ఓడిపోయినది. ఫ్లారిడా రాష్ట్రములోని టాంపా నగరమునకు చెందిన ఆ జట్టు పేరు బక్కనీర్స్. ఆ ఓటములకు కారణమేమి? వానినుండి ఆ జట్టు ఎట్లు బయటపడినది? ఇదియే నేడు మనము పరిశీలింపవలసిన విషయము.

అమెరికావారి ఫుట్‌బాల్ మనమెరిగిన కాలిబంతి ఆట కాదు. ఇందులో బంతిని చేతబట్టి పరుగెత్తవచ్చును, విసరవచ్చును. పక్షమునకు 11 మంది. నాలుగు ప్రయత్నములలో 10 గజములు సాగలేని పక్షము సాధారణముగా బంతిని ఎదుటివారికి వదలుకొనవలెను. ఎదుటివారి గీత దాటిన పక్షమునకు 6 పాయింట్లు. టాంపా వారికి ఆ గీతయే గగనమైనది. 14 పోటీలలో వారు సంపాదించినవి 125 పాయింట్లు, ఇచ్చుకొన్నవి 412. అయిదు పోటీలలో ఒక్క పాయింటైనను రాలేదు.

శిక్షకుడు అసమర్థుడా యనిన, కాదు. జాన్ మెకే దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ జట్టును నాలుగుసార్లు జాతీయ విజేతగా నిలిపినవాడు. లోపము జట్టు పుట్టుకలోనే ఉన్నది. అంతవరకు 26 జట్లున్న జాతీయ సమాఖ్యలో ఆ యేడు టాంపా, సియాటిల్ జట్లు క్రొత్తగా చేరినవి. పాత జట్లు తమకు కావలసినవారిని దాచుకొని, తక్కినవారి నుండి 39 మంది చొప్పున ఏరుకొనుడని క్రొత్తవారికి అవకాశమిచ్చినవి. గింజలు గాదెకు చేర్చుకొని కళ్లములో మిగిలిన తాలు పంచినట్లున్నది ఆ పంపకము. దానికి తోడు దెబ్బలు తగిలి పలువురు మూలబడినారు. ఐనను నేరమంతయు నియమాలపై మోపుట న్యాయము కాదు. అదే పంపకముతో మొదలిడిన సియాటిల్ రెండు పోటీలు గెలిచినది. వానిలో ఒకటి 13–10తో టాంపాపైననే.

మరుసటి యేడు పరిస్థితి మారినట్లు తోచలేదు. 1977లో మొదటి 12 పోటీలును ఓటములే. వెరసి వరుసగా 26. దూరదర్శన హాస్య కార్యక్రమాలలో ఆ జట్టు పేరే ఒక పరిహాసమైనది. ఆ 12 పోటీలలో వచ్చినవి 53 పాయింట్లు మాత్రమే. కాని మనము రెండవ లెక్కను గూడ చూడవలెను. మొదటి యేడు 412 పాయింట్లు ఇచ్చుకొన్నవారు ఈ యేడు మొత్తముమీద ఇచ్చినవి 223. ఓటముల వరుస వెనుక రక్షణ పంక్తి ఒకటి నిశ్శబ్దముగా రూపొందుచున్నది.

అట్లగుటకు సమాఖ్యలోని మరొక నియమము తోడ్పడినది. విశ్వవిద్యాలయములు విడిచివచ్చు యువకులను ఎంచుకొనునపుడు బలహీనమైన జట్టుకే ముందు అవకాశము. ఫిలడెల్ఫియా జట్టు యజమాని బెర్ట్ బెల్ ప్రతిపాదింపగా ఈ పద్ధతి 1936లో అమలులోనికి వచ్చినది. 1976లో క్రొత్తవారికి ఆ మొదటి అవకాశము లభింపగా టాంపా లీ రాయ్ సెల్మన్‌ను ఎన్నుకొన్నది. రక్షణ పంక్తికి అతడు మూలస్తంభమైనాడు. యజమాని హ్యూ కల్వర్‌హౌస్ శిక్షకుని తొలగింపలేదు. మెకే 1984 వరకు ఆ పదవిలోనే ఉన్నాడు.

1977 డిసెంబరు 11న న్యూ ఆర్లియన్స్‌లో టాంపా 33–14తో గెలిచినది. ఎదుటివారు విసరిన బంతులను మూడుసార్లు రక్షకులే నడుమ పట్టుకొని గీత దాటినారు. ఆ రాత్రి జట్టు తిరిగి వచ్చుసరికి వేలాది నగరవాసులు ఎదురుచూచుచుండిరి. గెలిచిన జట్టుకు స్వాగతము సహజమే. 26 ఓటముల తరువాతను అంతమంది మిగిలియుండుటయే గమనింపదగినది.

1979లో ఆ జట్టు 16 పోటీలలో 10 గెలిచి, సమాఖ్యయంతటిలోను అతి తక్కువ పాయింట్లు ఇచ్చుకొన్న జట్టుగా నిలిచినది. తుది పోటీకి ఒక్క మెట్టు దిగువన లాస్ ఏంజిలిస్ చేతిలో 9–0తో ఓడినది. 1976లో మొదటి పోటీనాడును ఆ జట్టుకు వచ్చినది సున్నాయే. కాని నాటి ఎదుటివారు 20 పాయింట్లు కొల్లగొట్టినారు. నేటివారికి ఒక్కమారైనను గీత దాటుట సాధ్యపడలేదు.