ఇరవయ్యొక్కేళ్ళ కుర్చీ - దిగమని చెప్పేదెవరు?

మా టీమ్ లో ఒక పెద్దాయన ఉన్నారు. పన్నెండేళ్ళుగా ఒకటే ప్రాడక్టు చూస్తున్నారు. పోయిన వారం కేంటీన్లో మావాళ్ళు రెండు జట్లయిపోయారు. "ఈయన దిగితే గానీ ఇది బాగుపడదు" అని ఒక జట్టు, "ఈయన లేకపోతే ఈ ప్రాడక్టే లేదు" అని ఇంకో జట్టు. నేను మధ్యలో కూర్చుని ఇడ్లీ తింటున్నా. చిక్కేంటంటే, నాకు రెండూ నిజమే అనిపించాయి! అప్పుడు గుర్తొచ్చిన పేరు మైకేల్ ఐస్నర్. డిస్నీ కంపెనీకి 1984 నుంచి 2005 దాకా, అంటే ఇరవయ్యొక్కేళ్ళు సీయీవో.

కథ కాస్త ముందు నుంచి చెప్పాలి. 1966లో వాల్ట్ డిస్నీ పోయాడు. 1971లో ఆయన అన్న రాయ్ కూడా పోయాడు. ఆ తర్వాత కంపెనీ పరిస్థితి పెద్దదిక్కు పోయిన ఉమ్మడి కుటుంబంలా తయారైంది. ఏం చేయాలన్నా "వాల్ట్ ఉంటే ఏం చేసేవాడో" అని ఆలోచించడమే. 1984లో సాల్ స్టైన్‌బర్గ్ అనే ఆయన షేర్లు పోగేసి కంపెనీని మింగబోతే, దాదాపు 32.5 కోట్ల డాలర్లిచ్చి ఆ షేర్లు వెనక్కి కొనుక్కోవాల్సి వచ్చింది. "బాబూ, నీకో దణ్ణం, వెళ్ళిపో" అన్నట్టన్నమాట.

అప్పుడు వాల్ట్ అన్నగారి కొడుకు రాయ్ ఈ. డిస్నీ పట్టుబట్టి ఇద్దరు బయటివాళ్ళని తెచ్చాడు. పారమౌంట్ నుంచి ఐస్నర్ సీయీవోగా, ఒకప్పుడు వార్నర్ బ్రదర్స్ లో పనిచేసిన ఫ్రాంక్ వెల్స్ ప్రెసిడెంటుగా వచ్చారు. ఈ రాయ్ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాడు.

మొదటి పదేళ్ళు చూస్తే కళ్ళు తిరుగుతాయి. 1989లో లిటిల్ మెర్మెయిడ్, 1991లో బ్యూటీ అండ్ ద బీస్ట్ (ఆస్కార్ ఉత్తమ చిత్రం పోటీకి ఎంపికైన మొదటి యానిమేషన్ సినిమా ఇదే), 1992లో అలాదీన్, 1994లో లయన్ కింగ్. మన దూరదర్శన్ లో ఆదివారం డక్ టేల్స్ చూస్తూ పెరిగిన మా అన్నయ్య తరానికి తెలిసిన డిస్నీ, ఐస్నర్ కాలపు డిస్నీయే. దెబ్బలు తగల్లేదని కాదు, 1992లో పారిస్ దగ్గర తెరిచిన యూరో డిస్నీ నష్టాల్లో కూరుకుపోయింది. అయినా మొత్తం మీద బండి దూసుకెళ్ళింది.

ఇక 1994. ఏప్రిల్లో ఫ్రాంక్ వెల్స్ హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయాడు. జూలైలో ఐస్నర్ కి గుండె ఆపరేషన్. వెల్స్ కుర్చీ తనకిస్తారని ఆశపడ్డ స్టూడియో అధిపతి జెఫ్రీ కాట్జెన్‌బర్గ్ కి అది దక్కలేదు. బయటికెళ్ళి స్పీల్‌బర్గ్, గెఫెన్ లతో కలిసి డ్రీమ్‌వర్క్స్ పెట్టాడు. తనకి రావాల్సిన డబ్బు కోసం డిస్నీ మీద కేసు కూడా వేశాడు.

మన భాషలో చెప్పాలంటే వెల్స్ కోడ్ రివ్యూయర్. ఐస్నర్ ఐడియాలు రాసేవాడు, వెల్స్ చూసి "ఇది బాగుంది, ఇది వద్దు" అనేవాడు. వెల్స్ పోయాక ఐస్నర్ రివ్యూ లేకుండా నేరుగా ప్రొడక్షన్ లోకి కమిట్ చేయడం మొదలుపెట్టాడు. కొన్ని కమిట్లు బ్రహ్మాండంగా పనిచేశాయి. 1995లో ప్రకటించి 1996లో పూర్తిచేసిన ఏబీసీ కొనుగోలు ఖరీదు దాదాపు 1900 కోట్ల డాలర్లు. దాంతోపాటు వచ్చిన ఈయెస్పీయెన్ ఎన్నో ఏళ్ళు కంపెనీని పోషించింది. కొన్ని ఘోరంగా కూలాయి. 1995లో తన స్నేహితుడు మైకేల్ ఓవిట్జ్ ని తెచ్చి వెల్స్ సీట్లో కూర్చోబెట్టాడు. పద్నాలుగు నెలలకే సాగనంపాడు. పోతూ పోతూ ఓవిట్జ్ తీసుకెళ్ళింది, స్టాక్ ఆప్షన్లతో కలిపి, దాదాపు 14 కోట్ల డాలర్లు! వాటాదారులు కోర్టుకెక్కితే 2005లో డెలావేర్ జడ్జి చట్టప్రకారం తప్పు లేదన్నాడు గానీ, మంచి పాలన అంటే ఇది కాదని ఐస్నర్ కి గట్టిగానే చురకలు వేశాడు.

మరి బోర్డు ఏం చేస్తోంది? అక్కడే ఉంది అసలు కథ. ఆ బోర్డులో ఒకప్పుడు ఐస్నర్ పిల్లలు చదివిన స్కూలు పెద్ద ఉండేవారు. డిస్నీకి భవనాలు గీసిన ఆర్కిటెక్టు ఉండేవారు. ఐస్నర్ సొంత లాయరూ ఉండేవారు. ఇలాంటివాళ్ళు "అయ్యా, ఇక చాలు" అని చెప్తారా? పిల్లి మెడలో గంట ఎవరు కట్టాలి?

కట్టింది రాయ్ డిస్నీ. తను పిలిచి తెచ్చిన మనిషినే దిగమంటూ 2003 నవంబరు 30న బోర్డుకి రాజీనామా చేశాడు. తర్వాత నెలన్నరకే ఫ్లోరిడా యానిమేషన్ స్టూడియో మూసివేత ప్రకటించారు. అదే నెలలో, 2004 జనవరిలో, పిక్సార్ తో ఒప్పందం పొడిగించే చర్చలు తెగిపోయాయి. టాయ్ స్టోరీ నుంచి నీమో దాకా డిస్నీ కడుపు నింపిన పిక్సార్! ఫిబ్రవరిలో కాంకాస్ట్ కంపెనీ మొత్తాన్ని కొంటానంటూ వచ్చింది.

2004 మార్చి 3న ఫిలడెల్ఫియాలో వాటాదారుల సమావేశం. ఇక్కడో తమాషా. అప్పటి పద్ధతిలో డైరెక్టరుకి వ్యతిరేకంగా వోటు వేయడానికే లేదు, వోటు ఇవ్వకుండా ఆపుకోవచ్చు, అంతే. పోటీ లేనప్పుడు ఒక్క వోటు వచ్చినా గెలిచినట్టే. అలాంటి చోట 43 శాతం ఐస్నర్ కి వోటు ఆపేశారు. లెక్క ప్రకారం ఆయన గెలిచాడు. కానీ ఆ సాయంత్రమే బోర్డు ఛైర్మన్ పదవి తీసేసి జార్జ్ మిచెల్ కి ఇచ్చింది. సీయీవోగా మాత్రం ఉండనిచ్చింది. చివరికి 2005 సెప్టెంబరు 30న ఆయన దిగాడు.

మరి దిగిపోవడం న్యాయమేనా? ఐస్నర్ పక్షాన కూడా మాట ఉంది. కాంకాస్ట్ రెండు నెల్లకే తోక ముడిచింది. 2004లో డిస్నీ లాభాలు బాగా పెరిగాయి. 1984లో 170 కోట్ల డాలర్ల లోపున్న ఏడాది ఆదాయం ఇరవయ్యేళ్ళలో 3000 కోట్లు దాటింది. అంకెలు చూసేవాడు "ఎందుకు దిగాలి?" అనే అడుగుతాడు.

నా మటుకు నాకు, దిగాల్సిందే. కానీ ఇరవయ్యేళ్ళు అయిందని కాదు, అంకెలు తగ్గాయనీ కాదు. ఆయనతో పనిచేయలేక మంచివాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు కాబట్టి. కాట్జెన్‌బర్గ్, స్టీవ్ జాబ్స్, చివరికి పిలిచి తెచ్చిన రాయ్. ముగ్గురికీ తలా ఒక కారణం ఉండొచ్చు, కానీ లాగ్ లో మూడుసార్లూ ఒకే లైన్ దగ్గర ఎర్రర్ వస్తుంటే బగ్ ఎక్కడుందో మనకి తెలీదూ?

రుజువు వెంటనే దొరికింది. తర్వాత వచ్చిన బాబ్ ఐగర్ ఐస్నర్ కింద నంబర్ టూగా పనిచేసినవాడే, మనుషులూ పెద్దగా మారలేదు. 2005 సెప్టెంబరులో హాంకాంగ్ డిస్నీలాండ్ తెరిచినప్పుడు ఊరేగింపు చూస్తుంటే, గత పదేళ్ళలో పుట్టిన పాత్రలన్నీ పిక్సార్‌వే అని తట్టిందట ఐగర్ కి. 2006 జనవరిలో 740 కోట్ల డాలర్లకి పిక్సార్ ని కొనేస్తున్నట్టు ప్రకటించాడు. మారింది జాబ్స్ తో మాట్లాడే మనిషి ఒక్కడే.

కొసమెరుపేంటంటే, అదే ఐగర్ తన రిటైర్మెంటు పదే పదే వాయిదా వేశాడు. 2020లో బాబ్ చాపెక్ కి పగ్గాలిచ్చాడు. 2022 నవంబరులో బోర్డు చాపెక్ ని తీసేసి మళ్ళీ ఐగర్ నే పిలిచింది. చరిత్ర చదివినవాడికే ఆ చరిత్ర పట్టుకుందన్నమాట!

అందుకే ఇప్పుడు కేంటీన్లో ఎవరైనా అడిగితే నేను "ఆయన దిగాలా వద్దా" అన్న దానికి జవాబు చెప్పను. ఎదురు ప్రశ్న వేస్తాను: "ఆయనకి కాదు అని చెప్పగలిగేవాడు టీమ్ లో ఇంకా మిగిలాడా?" మిగిలితే ఇంకో పదేళ్ళు ఉన్నా ఫరవాలేదు. మిగలకపోతే నిన్ననే దిగుండాల్సింది.

మొన్న మావాళ్ళని ఇదే అడిగాను. ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. పోయిన రిలీజు రివ్యూలో తప్పని తెలిసీ ఆయనకి తలూపినవాళ్ళలో నేనూ ఒకణ్ణే మరి.