అరుగు మీది సమీక్షలు: తెలుగువారి సినిమా కబుర్ల చరిత్ర

సినిమా చూడటం ఒక వినోదం. చూసిన సినిమాను గురించి నలుగురు స్నేహితులు చేరి నవ్వుకోవటం మరొక వినోదం. మొదటిదానికి టిక్కెట్టు కొనాలి, రెండవదానికి అక్కరలేదు. బహుశా అందువల్లనే మన సినీ చరిత్రకారులు మొదటిదాని లెక్కలను, అంటే ఎన్ని కేంద్రాల్లో ఎన్ని రోజులు ఆడిందన్న వివరాలను, భద్రంగా రాసిపెట్టారు గాని రెండవదాన్ని అంతగా పట్టించుకోలేదు. తెలుగులో చలనచిత్ర విమర్శ పుట్టింది పత్రికా కార్యాలయాల్లో కాదనీ, రెండో ఆట వదిలాక ఇంటిదారి పట్టిన మిత్రబృందాల మధ్యననీ నా అభిప్రాయం. అచ్చులో వచ్చిన హాస్య సమీక్షల్లో కాలానికి నిలిచినవి కూడా ఆ దారి కబుర్ల ధోరణిని కాగితం మీదికి తేగలిగినవే.

ఈ కథ మూకీల కాలం నుంచి మొదలుపెట్టాలి. బెజవాడలో మారుతీ సినిమా హాలు వెలసింది 1921లో. అప్పటికి బొమ్మకు మాట లేదు. తెర మీద మధ్యమధ్య అక్షరాలు పడేవి గాని చూసేవారిలో చదువు వచ్చినవారు తక్కువ. అందుచేత తెర పక్కన ఒక మనిషి నిలబడి కథ చెప్పేవాడు. అతడు ఉన్నది ఉన్నట్టు చెప్పి ఊరుకునే రకం కాదు. సందర్భానికి తగినట్టు తన మాటలూ కలిపేవాడు, నవ్వించేవాడు. అంటే బొమ్మ ఆడుతుండగానే దాని మీద వ్యాఖ్యానం వినటం మన ప్రేక్షకుడికి తొలినాళ్ళలోనే అలవాటయిందన్నమాట. 1932 ఫిబ్రవరిలో 'భక్త ప్రహ్లాద' విడుదలై తెర తనంతట తానే తెలుగు మాట్లాడసాగింది. వ్యాఖ్యాత ఉద్యోగం పోయింది. ఆ ఖాళీ అయిన ఉద్యోగాన్ని ప్రేక్షకుడు జీతం లేకుండా స్వీకరించాడు. నేల తరగతి నుంచి వినిపించే చమత్కారాలకు వంశవృక్షం గీస్తే మూలపురుషుడు ఈ తెర పక్కన మనిషే అవుతాడు.

రెండవ మూలం నాటకరంగం. 'భక్త ప్రహ్లాద'లో నటించినవారు సురభి సమాజం వారు. చూసినవారూ నాటకాలు చూసి చూసి ఆరితేరినవారే. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయాలను ఆడేటప్పుడు ఒకే రాత్రి ముగ్గురు నలుగురు కృష్ణులు రంగం మీదికి రావటం మామూలు. ఒక కృష్ణుడు రాయబారానికి బయలుదేరితే వేరొక కృష్ణుడు కౌరవసభకు చేరుకునేవాడు. ఎవరి రాగం ఎంత దూరం పోయింది, ఎవరికి ఎన్ని వన్స్‌మోర్లు పడ్డాయి అని తెల్లవారేదాకా తర్కించుకున్న జనం సినిమాను మాత్రం నోరు మూసుకుని చూస్తారని ఆశించటం అన్యాయం. పైగా సినిమావారే వారికి పని కల్పించారు. 1936లో 'ద్రౌపదీ వస్త్రాపహరణం', 'ద్రౌపదీ మానసంరక్షణం' అని ఒకే కథతో రెండు చిత్రాలు పోటాపోటీగా వచ్చాయి. రెండవదానిలో దుర్యోధనుడు సాక్షాత్తు బళ్ళారి రాఘవ. ఒకే ఏడాది ఇద్దరు ద్రౌపదులనూ ఇద్దరు దుర్యోధనులనూ చూసిన ఊళ్ళలో అరుగుల మీద ఎంతటి తులనాత్మక విమర్శ సాగి ఉంటుందో ఊహించుకోవచ్చు. అదంతా గాలిలో కలిసిపోయింది.

ఆనాటి పాటల పుస్తకాలను గురించి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. హాలు దగ్గర అమ్మే ఆ చిన్న పుస్తకంలో పాటలతోబాటు కథాసంగ్రహం ఉండేది. సరిగ్గా నాయిక ఆపదలో పడే చోట దాన్ని ఆపేసి, తక్కినది వెండితెర మీద చూసుకొమ్మని ముగించేవారు. ఆ తక్కినది మొదటి ఆట చూసి వచ్చిన స్నేహితుడు చెప్పేవాడు. చెప్పటంలో అతడు నాయకుడయ్యేవాడు, ప్రతినాయకుడయ్యేవాడు, అవసరమైతే గుర్రమూ అయ్యేవాడు. తనకు నచ్చని చోట రెండు ముక్కలు ఎక్కువ వేసేవాడు. ఆ రెండు ముక్కలే సమీక్ష. 1940ల చివర వరంగల్లు యువకుడు నేరెళ్ళ వేణుమాధవ్ సినీ నటుల గొంతులను అనుకరించి మెప్పించటం మొదలుపెట్టి, ఆ విద్యను ప్రపంచ వేదికల దాకా తీసుకుపోయారు. అనుకరణ సైతం ఒక విధమైన విమర్శ. ఏ నటుడి విరుపు ఎక్కడ ఉందో కనిపెట్టనివాడు దాన్ని పట్టి చూపలేడు.

ఇక అచ్చు సంగతి. సినిమా పత్రికకు ప్రకటన ఇచ్చేవాడు నిర్మాతే, సమీక్షకు గురి అయ్యేవాడూ నిర్మాతే. ఈ చిక్కులో నుంచే మనకు చిరపరిచితమైన సమీక్షాభాష పుట్టింది. ఛాయాగ్రహణం కన్నుల పండువగా ఉంటుంది, సంగీతం ఫరవాలేదు, నటీనటులు తమ పాత్రలకు న్యాయం చేకూరుస్తారు. అందరూ న్యాయం చేకూర్చాక చిత్రం ఎందుకు పోయిందో మాత్రం ఎవరూ చెప్పరు. ఎవరికీ నొప్పి కలగని ఈ వాక్యాలకూ, అదే చిత్రం చూసి వస్తూ స్నేహితులు అనుకునే మాటలకూ మధ్య ఎంత దూరం ఉన్నదో అంత దూరంలోనూ విమర్శ మౌనంగా ఉండిపోయింది.

ఆ దూరాన్ని తగ్గించినవారిలో నాకు ఇద్దరు ముఖ్యులుగా కనిపిస్తారు. ఒకరు కొడవటిగంటి కుటుంబరావు. సినిమా మీద విస్తారంగా వ్యాసాలు రాసిన ఆయన చమత్కారం కోసం చమత్కారం చెయ్యరు. నిదానంగా తర్కిస్తూ పోతారు. పాత్ర ఈ పని ఎందుకు చేసిందని ఆయన అమాయకంగా అడిగినట్టు అడిగితే పాఠకుడికి నవ్వు దానంతట అదే వస్తుంది. 

రెండవవారు ముళ్ళపూడి వెంకటరమణ. 1950లలో ఆంధ్రపత్రికలో పనిచేస్తూ సినిమా సమీక్షలు రాశారు. 'విక్రమార్కుని మార్కు సింహాసనం' పేరుతో సినీలోకం మీద కథలు అల్లారు. 'గిరీశం లెక్చర్లు' పేరుతో గురజాడవారి గిరీశాన్ని తీసుకువచ్చి సినిమాల మీద ఉపన్యాసాలు ఇప్పించారు. ఈ ఎన్నికలో ఉన్న తెలివిని గమనించండి. గిరీశానికి సినిమా శాస్త్రం తెలియనక్కరలేదు, కబుర్లు తెలిస్తే చాలు. శిష్యుడికి చుట్ట పొగ మధ్య లోకజ్ఞానం బోధించే ఆ ధోరణి అచ్చంగా అరుగు మీది ధోరణే. పత్రికా సమీక్షకుడు తన పేరుతో అనలేని మాటను గిరీశం నవ్వుతూ అనేస్తాడు. వినేవాడు కూడా నవ్వుతాడు గనుక ఎవరికీ కోపం రాదు, వచ్చినా పైకి చెప్పుకోలేరు.

ఇక్కడ ఒక చక్కని వంకర ఉంది. సినిమాలను చూసి ఇంతగా నవ్విన రమణగారు తామే సినీ రచయిత అయినప్పుడు, 1962లో మాటలు రాసి తెరకెక్కిన చిత్రం 'రక్తసంబంధం'. తెలుగునాట అన్నాచెల్లెళ్ళ చేత, ప్రేక్షకుల చేత ఏకధాటిగా కంటతడి పెట్టించిన చిత్రమది. ఎగతాళి చేసినవాడు ఏడిపించగలడా అని అడిగేవారికి ఇదే జవాబు. ఏది బూటకపు కన్నీరో ఎరిగి నవ్వినవాడికే నిజమైన కన్నీరు ఎక్కడ ఉందో తెలుస్తుంది. 1967లో బాపుతో కలిసి చేసిన 'సాక్షి', 1975 నాటి 'ముత్యాలముగ్గు' ఆ నవ్వులో నుంచి పుట్టినవే. 'ముత్యాలముగ్గు' సంభాషణలు గ్రామఫోను రికార్డులుగా వచ్చి, పెళ్ళిపందిళ్ళలోనూ కాఫీ హోటళ్ళలోనూ మోగాయి. సినిమాను గురించి నలుగురిలో మాట్లాడినవాడి మాటలే సినిమా నుంచి తిరిగి నలుగురిలోకి వచ్చి చేరాయి. అంతకు చాలా ముందే 1957 నాటి 'మాయాబజార్' నుంచి పింగళి నాగేంద్రరావుగారి అసమదీయులూ తసమదీయులూ ఇలాగే మన ఇళ్ళలోకి వచ్చి కాపురం పెట్టారు.

ద్రౌపదుల పోటీ జరిగిన నలభై ఒక్క ఏళ్ళకు చరిత్ర మళ్ళీ వచ్చింది. 1977 సంక్రాంతికి 'దానవీరశూర కర్ణ', 'కురుక్షేత్రం' ఒకేరోజు విడుదలయ్యాయి. మొదటిదానిలో ఎన్.టి. రామారావు ఒక్కరే కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు. నాటకంలో ఒక పాత్రకు ముగ్గురు నటులైతే ఇక్కడ ముగ్గురు పాత్రలకు ఒకే నటుడు! దుర్యోధనుడికి యుగళగీతం తగునా అన్న చర్చ ఎన్ని టీ దుకాణాలను పోషించిందో చెప్పలేము. అయితే అప్పటికే అభిమాన సంఘాలు బలపడ్డాయి. నవ్వటానికి ముందు పక్కవాడు ఎవరి అభిమానో చూసుకోవలసి వచ్చింది. స్నేహితుల మధ్య ఆట పటుగా ఉన్న ఎగతాళి పరాయివారి మధ్య పగగా మారటం మన సినిమా కబుర్లకు తగిలిన పెద్ద దెబ్బ.

ఈ కబుర్లరాయుళ్ళను తెర మీదే చూపించి నవ్వించిన ఘనత జంధ్యాలది. 1984 నాటి 'శ్రీవారికి ప్రేమలేఖ'లో శ్రీలక్ష్మి పాత్ర సినిమా కథ చెప్పటం మొదలుపెడితే పేర్లు పడే చోటు నుంచి మొదలుపెడుతుంది. ఆమెను చూసి హాలంతా నవ్వింది, ఎందుకంటే అటువంటి మనిషి ప్రతి ఇంట్లోనూ ఉంది. సినిమా తనను గురించి జనం మాట్లాడుకునే తీరును వినిందనటానికి ఇంతకంటె సాక్ష్యం ఏముంటుంది?

ఈ చరిత్ర అంతా ఇప్పుడు ఎందుకంటే, వినే ఓపిక తగ్గుతున్నది గనుక. 2024 నవంబరులో తమిళ నిర్మాతల సంఘమొకటి, థియేటర్ల ఆవరణలో ప్రేక్షకుల అభిప్రాయాలు చిత్రీకరించే యూట్యూబు వారిని లోపలికి రానివ్వవద్దని హాళ్ళవారిని కోరింది. వారి బాధలో నిజం లేకపోలేదు. సినిమాను వదిలి నటి శరీరాన్నీ, నటుడి కులాన్నీ వెక్కిరించేది హాస్యమూ కాదు, సమీక్షా కాదు. డబ్బు తీసుకుని తిట్టేవాడు, డబ్బు తీసుకుని పొగిడేవాడు ఒకే దుకాణం వారు. కాని ఆ దుకాణం మూయించటానికని అరుగునే తవ్వించటం తగదు.

మంచి ఎగతాళికి మూడు గుర్తులు కనిపిస్తాయి. అది సినిమాను పూర్తిగా చూసి చేసినదై ఉంటుంది. మనిషిని గాక పనిని పట్టుకుంటుంది. ఎగతాళికి గురి అయినవాడు కూడా పక్కన కూర్చుని వినగలిగేటట్టు ఉంటుంది. ఈ మూడూ స్నేహం లక్షణాలే. ప్రకటనల మీద బతికే పత్రిక నిజం చెప్పలేకపోయిన కాలాల్లో కూడా తెలుగు సినిమాకు నిజం చెప్పినది ఈ స్నేహితుల నవ్వే. ఆ నవ్వు ఆగిననాడు మిగిలేవి వసూళ్ళ అంకెలు మాత్రమే, అవి చూసి ఎవరూ నవ్వరు.