మల్టీమీటరు ముందు, స్కానర్ తరవాత

విజయవాడ నుంచి హైదరాబాదు పోయే రోడ్డు మీద ఇబ్రహీంపట్నం దాటాక దొనబండ, పరిటాల క్వారీల టిప్పర్లు ఎదురవుతాయి. అక్కణ్ణుంచి కంచికచర్ల, నందిగామ మీదుగా జగ్గయ్యపేట సిమెంటు ఫ్యాక్టరీల దాకా బండి మింగేది దుమ్మే. కాగితాల్లో అరవై అయిదో నంబరైనా పాతవాళ్లకిది తొమ్మిదో నంబరు రోడ్డే. కార్లు దీని మీద అప్పుడూ ఆగాయి, ఇప్పుడూ ఆగుతున్నాయి. ఎందుకు ఆగిందో కనిపెట్టే తీరే మారుతూ వచ్చింది. పాత కారు ఉన్నవాళ్లు ఇంట్లో ఏ పరికరం పెట్టుకోవాలన్నది ఆ కారు ఏ కాలానిదో చూస్తేనే తేలుతుంది.

మొదట అంబాసిడర్ కాలం. 1950ల చివర్లో ఉత్తరపారాలో మొదలై 2014 దాకా తయారైన ఆ కారుకీ, దాని తోటి ఫియట్‌కీ రోగాలు తక్కువ రకాలే, వచ్చేది మాత్రం తరచుగా. పాయింట్లు కాలడం, కార్బొరేటర్‌లో చెత్త చేరడం, డైనమో చార్జింగ్ ఎక్కించకపోవడం. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి పాయింట్ల మధ్య ఫీలర్ గేజీ రేకు దూర్చి పదిహేను థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) గ్యాప్ పెడితే సగం ఫిర్యాదులు తీరేవి. ప్లగ్గు ఊడదీస్తే మిగతా కథ అదే చెప్పేది: ఇటుక రంగులో ఉంటే ఇంజిన్ బాగున్నట్టు, మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ పోతున్నట్టు, తెల్లబడితే తక్కువ అందుతున్నట్టు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని బేరింగ్ మోత పట్టేసే మేస్త్రులు విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో ఉండేవాళ్లు. వాళ్ల విద్యకి పుస్తకం లేదు, రశీదూ లేదు. ఆ విద్య గొప్పదే. అయితే మేస్త్రి చెప్పింది నిజమో కాదో తేల్చుకునే దారి బండి యజమానికి లేదన్నదీ అంతే నిజం.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. చిన్న కుటుంబాల చేతికి కారు అందింది. కానీ రోగం కనిపెట్టే పద్ధతిలో పెద్ద మార్పేమీ రాలేదు, ఎందుకంటే అదీ కార్బొరేటర్ బండే.

అసలు మలుపు అమెరికాలో పడింది. లాస్ ఏంజెలెస్ పొగమంచుతో విసిగిన కాలిఫోర్నియా ప్రభుత్వం, పొగ అదుపు తప్పితే కారే ఆ సంగతి చెప్పాలని పట్టుబట్టింది. 1996 నుంచి ఆ దేశంలో అమ్మే ప్రతి కారుకీ స్టీరింగ్ దగ్గర ఒకే రకం పదహారు పిన్నుల సాకెట్, అందరికీ ఒకే రకం కోడ్ నంబర్లు తప్పనిసరయ్యాయి. దాన్నే ఓబీడీ-2 అంటారు. ఐరోపాలో పెట్రోలు కార్లకి 2001లో వచ్చింది. మన దగ్గర 1998లో శాంత్రో ఇంజెక్షన్ ఇంజిన్‌తో దిగింది. 2000లో పొగ నిబంధనలు బిగిశాక కార్బొరేటర్లు ఒక్కొక్కటే తప్పుకున్నాయి. అయితే ఓబీడీ మొదటి దశ నిబంధన మాత్రం మనకి 2010 ఏప్రిల్‌లో, అదీ బీఎస్-4 (భారత్ స్టేజ్ నాలుగో పొగ నిబంధన) బండ్లకే, మొదలైంది. ఓబీడీ-2 అయితే 2013లో గానీ రాలేదు.

చిక్కంతా ఈ నడిమి పదేళ్లలోనే ఉంది. 2000 నుంచి 2010 దాకా వచ్చిన కార్లలో కంప్యూటర్ ఉంది, కానీ ఎవరి భాష వాళ్లది. కొన్నింటికి పదహారు పిన్నుల సాకెట్ ఉన్నా, దానికి తగిలించి కోడ్ చదివే మామూలు స్కానర్‌కి జవాబివ్వవు. ఇంకో ముడి మన రోడ్డు మీదే ఉంది. 2010లో బీఎస్-4 అమలైన పదమూడు నగరాల్లో హైదరాబాదు ఉంది, దేశమంతటికీ మాత్రం అది 2017కి గానీ రాలేదు. కాబట్టి 2012లో హైదరాబాదులో కొన్న బండీ, అదే ఏడాది విజయవాడ వైపు కొన్న అదే మోడల్ బండీ స్కానర్ ముందు ఒకేలా మాట్లాడకపోవచ్చు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లు ఆర్‌సీలో ఏడాది ఒక్కటీ చూసి ఊరుకోకుండా బీఎస్ ఎంతో కూడా చూసుకోవాలి.

2005లో కెనడాకి చెందిన ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ ఈఎల్‌ఎం327 అనే చిప్పు తెచ్చింది. కారు భాషని మామూలు అక్షరాల్లోకి మార్చి ఇవ్వడమే దాని పని. ఎవరో దాన్ని కాపీ కొట్టారు, ఇక నకళ్లకి అంతు లేకుండా పోయింది. అసలు కంపెనీ 2022లో మూతపడింది, నకళ్లు మాత్రం ఫోన్‌కి కలిపే చవక స్కానర్లలో ఇంకా అమ్ముడుపోతూనే ఉన్నాయి. డబ్బా మీద 2.1 అని పెద్ద నంబరు ఉన్నవాటిలో కొన్ని పాత బండ్ల భాషలే వదిలేస్తాయి. పిల్లలు అమెరికా నుంచి ప్రేమగా తెచ్చిన స్కానర్ నందిగామలో పాత జెన్ కారుకి తగిలిస్తే నోరు మెదపకపోవడంలో వింతేమీ లేదు.

స్కానర్ కోడ్ చెప్తుంది, జబ్బు చెప్పదు. పీ0171 వచ్చిందనుకోండి. పెట్రోలుకి మించి గాలి పోతోందని దాని అర్థం. చాలామంది వెంటనే ఆక్సిజన్ సెన్సార్ మార్చేస్తారు, డబ్బు దండగ. అలాంటప్పుడు చూడాల్సింది ఫ్యూయల్ ట్రిమ్ అంకె, అంటే కంప్యూటర్ పెట్రోలుని ఎంత శాతం పెంచి సర్దుతోందన్నది. బండి నిలబెట్టి ఐడిలింగ్‌లో ఇరవై దాకా ఉండి, ఆక్సిలరేటర్ తొక్కి 2500 ఆర్‌పీఎంకి తెచ్చినప్పుడు అయిదుకి దిగితే, ఎక్కడో రబ్బరు గొట్టం చిట్లి గాలి లాగుతోంది. తొక్కేకొద్దీ అంకె పెరిగితే పెట్రోలు పంపునో ఫిల్టర్‌నో అనుమానించాలి. ఈ అంకెలు కదులుతూ చూపించలేని, కోడ్ చెరిపేయడం మాత్రమే వచ్చిన స్కానర్ నా లెక్కలో ఆటవస్తువే. క్వారీ దుమ్ముతో ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోతే స్కానర్‌కి చాలాసార్లు తెలియనే తెలియదు. కంప్యూటర్ ఆ మేరకి పెట్రోలు తగ్గించి సర్దుకుంటుంది, పికప్ మాత్రం పడిపోతుంది. దానికి మూత తీసి కళ్లతో చూడటమే మందు.

అందుకే ఏ కాలం కారుకైనా ముందు కొనాల్సింది డిజిటల్ మల్టీమీటరు. రాత్రంతా ఆగిన బండి బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. ఇంజిన్ తిరుగుతుంటే 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. తిరుగుతున్నా పన్నెండున్నర దాటకపోతే తప్పు అల్టర్నేటర్ వైపుంది, కొత్త బ్యాటరీ కొన్నా వారం తిరగకుండా దిగిపోతుంది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు బ్యాటరీ మైనస్‌కీ ఇంజిన్ బ్లాకుకీ మధ్య అర వోల్టు దాటితే ఎర్త్ వైరు తుప్పు పట్టినట్టే. ఒక్క జాగ్రత్త: మీటరుని ఆంపియర్లలో పెట్టి సెల్ఫ్ కొట్టకండి, ఫ్యూజు ఎగిరిపోతుంది.

కార్బొరేటర్ బండికి మీటరుతో పాటు ఫీలర్ గేజీ, కంప్రెషన్ గేజీ ఉంటే చాలు, స్కానర్ మాట మర్చిపోవచ్చు. 2013 తరవాతి బీఎస్-4 బండికి మంచి స్కానర్ పనికొస్తుంది. నడిమి కాలం బండి ఉన్నవాళ్లు మాత్రం డబ్బు ఇచ్చే ముందు దాన్ని తమ కారుకే తగిలించి చూపించమనండి. ఫోన్ తెర మీద ఇంజిన్ వేడి డిగ్రీల్లో కదలకపోతే కొనకండి.