వృద్ధాప్య కుంగుబాటు: మెదడు స్కాన్‌లో తెల్లని మచ్చలు

60 ఏళ్లు దాటాక తొలిసారిగా తలెత్తే కుంగుబాటులో విచారం అంతగా బయటపడకపోవచ్చు. దేనిపైనా ఆసక్తి లేకపోవడం, కదలికల్లో మందకొడితనం, చేయవలసిన పనిని ఒక క్రమంలో పెట్టుకోలేకపోవడం ఎక్కువగా కనిపిస్తాయి. ఇంట్లోవారు దీనిని వయోభారంగానే భావిస్తుంటారు. ఇటువంటి వారిలో చాలామందికి మెదడులోని శ్వేత పదార్థం దెబ్బతిన్నట్లు ఎంఆర్‌ఐ స్కాన్లలో వెల్లడైంది.

మెదడులోని ఒక భాగం నుంచి మరొక భాగానికి సంకేతాలను చేరవేసే నాడీ తంతువుల సముదాయమే శ్వేత పదార్థం. తంతువులను చుట్టి ఉండే మైలిన్ అనే కొవ్వు పొర వల్ల దానికి ఆ రంగు వచ్చింది. దాని లోతైన భాగాలకు రక్తం అందించే ధమనులు సన్ననివి, పొడవైనవి. ఏళ్ల తరబడి అధిక రక్తపోటు, మధుమేహం, పొగతాగే అలవాటు ఉంటే వాటి గోడలు గట్టిపడి, తంతువులకు చాలినంత రక్తం అందదు. దెబ్బతిన్న చోట్లు ఫ్లెయిర్ రకం ఎంఆర్‌ఐ చిత్రాల్లో తెల్లగా మెరుస్తాయి. వాటి తీవ్రతను 1987లో ఫజెకాస్ బృందం రూపొందించిన 0 నుంచి 3 వరకు ఉండే కొలమానంతో అంచనా వేస్తారు. డిఫ్యూజన్ టెన్సర్ ఇమేజింగ్ మరింత సూక్ష్మమైనది. నీటి అణువులు తంతువుల వెంబడి కదిలే తీరును కొలిచి, మచ్చ కనిపించని చోట కూడా మార్పును అది పసిగడుతుంది.

రక్తనాళాల జబ్బే కొందరిలో కుంగుబాటుకు దారితీస్తుందన్న ప్రతిపాదనను 1997లో జార్జ్ అలెక్సోపౌలోస్ బృందం, భారత సంతతికి చెందిన రంగా కృష్ణన్ బృందం వేర్వేరుగా ప్రచురించాయి. మెదడు ముందు భాగాన్ని లోపలి కేంద్రాలతో కలిపే మార్గాలు తెగితే ఉత్సాహం, నిర్ణయశక్తి సన్నగిల్లుతాయన్నది ఇందులోని తర్కం. మచ్చలు ఎక్కువగా ఉన్నవారిలో మందులు అంతగా పనిచేయడం లేదని కొన్ని అధ్యయనాలు తెలిపాయి.

అయితే ఏ కుంగుబాటూ లేని వృద్ధుల్లోనూ ఈ మచ్చలు సర్వసాధారణం. కనుక స్కాన్ చూసి కుంగుబాటును నిర్ధారించడం కుదరదు. రోగితో మాట్లాడే వైద్యుడే ఆ పని చేయాలి. రక్తపోటు నియంత్రణ వల్ల కొంత ఫలితం ఉంది. పై రక్తపోటును 120 లోపు ఉంచినవారిలో, 140 లోపు ఉంచినవారి కంటే మచ్చలు నెమ్మదిగా పెరిగాయని అమెరికాలో జరిగిన స్ప్రింట్ మైండ్ పరిశోధన 2019లో తేల్చింది. ఆ తేడా స్వల్పమే. పైగా ఆ ఫలితం మచ్చలకు సంబంధించినదే తప్ప కుంగుబాటుకు కాదు.

భారత్‌లో అంతకన్నా ముందున్న సమస్య గుర్తింపు. 2017-18లో జరిగిన లాసీ జాతీయ సర్వే ప్రకారం 60 ఏళ్లు పైబడినవారిలో 8.3 శాతం మందికి కుంగుబాటు ఉండే అవకాశం ఉంది. తమకు ఆ జబ్బు ఉన్నట్లు వైద్యులు చెప్పారని వెల్లడించినవారు ఇందులో దాదాపు పదో వంతు మాత్రమే.